గులాబీ దుప్పట్ల పంచాయితీ

లాండ్రీ అక్క ఇవాళ సభలో ఏడుస్తుందట. ఎక్కడ ఏడవాలో కూడా కాగితం మీద గీత గీసి ఇచ్చారట. ఈ మాట పక్కింటి పిన్నికి బొత్తాల కొట్టు అత్త చెప్పింది. అత్తకి ఎవరు చెప్పారో అత్తకే గుర్తు లేదు. పాపం, అక్కకి తన ఏడుపు సంగతి తెలుసో లేదోనని పిన్ని పొద్దున్నే గోడ మీదుగా తల పెట్టి ఆ మాటను అక్కకే అందించింది.

"రెండో పేజీ చివర్లోనటగా? నీకు ఊరికే వస్తాయా, లేక కళ్ళకేమన్నా రాసుకెళ్తావా?"

"నువ్వొచ్చి ముందు వరసలో కూచో పిన్నీ. నిన్ను చూస్తే అవే వస్తాయి."

పిన్ని నొచ్చుకునే రకం కాదు. నొచ్చుకుంటే రెండో కబురు చెప్పడానికి వీలవదు. "ఆ పిట్ట ఎవరి దగ్గరో డబ్బు పుచ్చుకుని కావాలనే దుప్పట్లకి రంగేసిందట. అత్తే చెప్పింది. బొత్తాలు కొనడానికి వచ్చినవాళ్ళందరూ అదే అంటున్నారట."

"బొత్తాలు ఊడినవాళ్ళకి మాటలు కూడా ఊడతాయి కాబోలు," అంది అక్క. కానీ ఆ మాట మేకులా దిగింది.

ఏడుపు సంగతి నిజమే. మొదటిసారి చదువుతున్నవాళ్ళకి అసలు గొడవేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాలి.

అక్కది చిన్న లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపడం పని. ఆసుపత్రి ఒప్పందం మాత్రం ఆవిడది కాదు, బావగారిది. అంటే ఆవిడ మొగుడికి స్వయానా అన్నగారిది. ఆయనది పెద్ద లాండ్రీ. అక్కడ పొంగిపొర్లిన మూటల్ని తన బండిలో ఇటు పంపిస్తాడు. ఆ బండి వస్తే అక్క ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఆవిడ దగ్గర పనిచేసేవాళ్ళ ఇళ్ళలోనూ వెలుగుతుంది. పోయిన వారం ఆ తెల్లటి దుప్పట్లు మిషనులోంచి లేత గులాబీ రంగులో బయటికొచ్చాయి. ఎర్రదేదో తెల్లవాటిలో పడింది. ఎంత వెతికినా ఆ ఎర్రది దొరకలేదు. లాండ్రీల్లో తాతలనాటి మాట ఒకటుంది: మరక పోకపోతే మనిషి పోవాలి. ఆవేళ మిషను దగ్గర ఉన్నది పిట్ట. మనిషి బక్కపలచన, నోరు మాత్రం ఆగదు కనక ఆ పేరు. అక్క గేటు దగ్గర అందరి ముందూ పిట్టని నిలబెట్టి, "రేపట్నించి రాకు" అనేసింది. ఎందుకు, ఎలా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం కొత్త చట్టం తెస్తానంది. పనివాళ్ళని తీసెయ్యాలంటే ముందు వాళ్ళ మాట వినాలి, కారణం రాసివ్వాలి. ఎవరికి ఎప్పుడు పనో వారం ముందే చెప్పాలి. జ్వరమొస్తే జీతం ఆపకూడదు. దీని మీద యజమానుల అభిప్రాయం వినడానికి ఒక కమిటీ ఇవాళ వస్తోంది. యజమానుల సంఘానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? బావగారే. పెద్దవాళ్ళు గోల పెడితే ఎవరూ జాలిపడరని ఆయనకి తెలుసు. అందుకని చిన్న యజమానిగా మరదల్ని నిలబెట్టి, గులాబీ దుప్పట్ల కథ చెప్పించాలనుకున్నాడు. 'ఇలాంటి పనివాళ్ళని కూడా భరించమంటే మేం మూసుకుని పోవాల్సిందే' అని ముగింపు. ఏడుపు అక్కడే. కాగితం చేతికిస్తూ ఆయన ఒకే మాట అన్నాడు: "చదివితే బండి వస్తుంది అమ్మాయ్. లేకపోతే నీ ఇష్టం."

పిన్నిని గోడవతల వదిలేసి అక్క దండెం క్లిప్పుల కోసం పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళ తొట్టి వెనక, ఎవరూ పోని మూల, ఒక రగ్గు ఆరేసి ఉంది. ఎరుపు అనాలా, ఇటుక పొడి అనాలా, మొత్తానికి ప్రాణం పోయిన రంగు. అక్క దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకుని వేళ్ళతో నలిపింది. బట్టల మధ్య బతికిన మనిషికి ఒకటి తెలుసు: రంగు చచ్చిపోదు, ఒక గుడ్డని వదిలి ఇంకో గుడ్డకి కాపరానికి పోతుంది.

ఇంటాయన కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏమండీ, ఈ రగ్గు ఎప్పుడు ఉతికారు?"

"ఏ రగ్గు?"

"ఇంట్లో పాతిక రగ్గులున్నట్టు అడక్కండి."

కత్తి గడ్డం కింద ఆగింది. అద్దంలోంచే మాట్లాడాడాయన. "దుమ్ము కొట్టుకుపోయిందని... మిషను ఎలాగూ తిరుగుతోంది కదా అని..."

"ఊరికే తిరుగుతోందా? ఆసుపత్రి దుప్పట్లతో తిరుగుతోంది."

"అన్నింట్లో ఒకటి పడితే ఏమవుతుందిలే అనుకున్నా. పిట్ట టీకి వెళ్ళింది. మూత తీసి పడేశా. కాసేపాగి చూస్తే నీళ్ళు... ఆ రంగు చూసి గుండె జారిపోయింది. మెల్లిగా లాగి పట్టుకొచ్చేశా."

"నేను గేటు దగ్గర ఆ పిల్లని అన్నేసి మాటలంటుంటే మీరు నా పక్కనే ఉన్నారు!"

"ఉన్నా. చెప్తే తిడతావని..."

"తిట్టేదాన్నే. తిట్టి అన్నం పెట్టేదాన్ని. మిమ్మల్ని తీసెయ్యడానికి పెళ్ళయిన దగ్గర్నించీ కారణాలు దొరుకుతూనే ఉన్నాయి, ప్రతిసారీ మీరు చెప్పేది వింటూనే ఉన్నా. ఆ పిల్లని మాత్రం ఒక్క ముక్క అడగలేదు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి లాండ్రీ లేదు కనక పట్టలేకపోయాడు. ఇంటాయన సగం గీసిన గడ్డంతో ఇటు తిరిగాడు. ఆ మొహం చూస్తే ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది.

"చూడూ, తప్పు నాదే. పిట్టని రేపు మెల్లిగా పిలిచి మళ్ళీ పెట్టుకుందాం. సభలో మాత్రం ఆ కాగితం చదివెయ్యి. అన్నయ్య సంగతి నీకు తెలుసు. బండి ఆగితే మనకే కాదు, ఆ పిట్టకి కూడా పనుండదు. నిజం చెప్పి అందర్నీ వీధిన పడేస్తావా?"

ఇంటాయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అబద్ధం లేని మాటే మనిషిని ఎక్కువ కట్టేస్తుంది. రగ్గు దండెం మీంచి లాగి మడత పెట్టబోయింది. మూలన ఒక గుర్తు కుట్టి ఉంది, పళ్ళచక్రాన్ని పట్టుకున్న రెండు చేతులు. అది చూసి ఆగిపోయింది. అంతసేపటి తర్వాత మొదటిసారి ఆవిడ పెదవి ఒక పక్కకి లేచింది. రగ్గుని సంచిలో కుక్కింది.

"సంచెందుకు?" అన్నాడు ఇంటాయన.

"చలేస్తే కప్పుకోడానికి."

సభ జరిగే భవనం ముందు బావగారి బండి ఆగి ఉంది. కుర్చీలూ నీళ్ళ సీసాలూ అందులోనే తెచ్చినట్టున్నారు. బండి తోలేవాణ్ణి అందరూ సైలెన్సర్ అంటారు. బండికి అది ఎప్పుడో ఊడిపోయింది, నాలుగు వీధుల అవతలికి వినపడుతుంది. మనిషి మాత్రం మాట్లాడడు. లాండ్రీ గేటు దగ్గర మూటలు దింపేటప్పుడు అక్క ఎప్పుడూ అడుగుతుంది, "మళ్ళీ ఎప్పుడు?" అని. అతను ఎప్పుడూ ఒకటే చెప్తాడు, "నాకూ పొద్దున్నే చెప్తారు." ఆ మూడు మాటలు తప్ప నాలుగోది ఎవరూ విన్నట్టు లేదు.

మెట్ల దగ్గర పిట్ట నిలబడి ఉంది. గుమ్మం కాసేవాడు లోపలికి పోనివ్వడం లేదు.

"నువ్వెందుకొచ్చావే?" అంది అక్క.

"నా కథ చెప్తారటగా అక్కా. నేనెంత చెడ్డదాన్నో నాకూ తెలియాలిగా, వినిపోదామని వచ్చా."

"రా లోపలికి."

"తిట్టడానికా? ఇక్కడే తిట్టెయ్యి. లోపల చల్లగాలి మిషనుందట, దానికి అలవాటు పడితే మళ్ళీ కష్టం."

అక్క పిట్ట చెయ్యి పట్టుకుంది. గుమ్మం కాసేవాడు అడ్డొచ్చాడు. "యజమానులకే అమ్మా. ఈవిడ ఎవరు?"

దుప్పటి మడత ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో కొస పట్టుకుని, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. అవతల నిలబడే మనిషిని లాండ్రీల్లో ఎదురుమనిషి అంటారు. ఎదురుమనిషి కుదరకపోతే ఎంత మంచి గుడ్డయినా వంకరే. పిట్ట వెళ్ళిన దగ్గర్నించీ అక్క దగ్గర మడతలన్నీ వంకరే.

"నా ఎదురుమనిషి," అంది అక్క. అదేదో పెద్ద హోదా అనుకుని వాడు పక్కకి జరిగాడు.

లోపల వేదిక మీద కమిటీ మేడమ్ కూచుంది. జుట్టు నెరిసిన మనిషి, పెన్సిలుతో రాసుకుంటోంది. ఆవిడ పక్కన బావగారు. ఆయన ముందు బల్ల మీద ఒక గులాబీ దుప్పటి, మెరిసే కాగితంలో చుట్టి, సాక్ష్యంలా పెట్టి ఉంది.

ముందు బేకరీ యజమాని లేచాడు. పెద్ద పొట్ట, చిన్న గొంతు. "నా దగ్గర పనివాళ్ళకి జ్వరాలు వారం మొదటి రోజే వస్తాయండి. ఏ క్రిమో గానీ సెలవు మర్నాడే కుడుతుంది. దానికి జీతం కూడా ఇస్తే ఆ క్రిమిని నేనే పెంచినట్టు!" హాలంతా నవ్వింది. తర్వాత బస్సుల యజమాని లేచాడు. "డ్రైవరు తాగొచ్చాడు, తియ్యాలా? లేక కూచోబెట్టి, బాబూ, ఎందుకు తాగావు, మనసేమన్నా బాగాలేదా అని విచారించాలా?" చప్పట్లు. అందులో నిజమూ ఉంది, కోపమూ ఉంది. అన్నిటికన్నా భయం ఎక్కువ ఉంది. అక్కకి ఆ భయం కొత్త కాదు. రోజూ దాన్ని పక్కన పెట్టుకునే పడుకుంటుంది.

"ఇప్పుడు మా మరదలు మాట్లాడుతుంది," అన్నాడు బావగారు గొంతు తగ్గించి. "చిన్న యజమాని. కష్టపడి పైకొచ్చిన ఇల్లాలు. ఆవిడ బాధ వింటే చాలు, మా అందరి మాటలూ అక్కర్లేదు."

అక్క మైకు అందుకుంది. కాగితం విప్పింది. రెండో పేజీ చివర నిజంగానే గీత ఉంది. మూడో వరసలో ఇంటాయన తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని. గోడ పక్కన పిట్ట చేతులు కట్టుకుని చూస్తోంది.

అక్క కాగితాన్ని దుప్పటిలాగే సగానికి, మళ్ళీ సగానికి మడిచి నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఈ దుప్పటి మా లాండ్రీలో పాడైంది," అంది. "దీని కోసం నేనొక మనిషిని తీసేశా. అదిగో, గోడ దగ్గరుంది. అందరి ముందూ తీసేశా కనక అందరి ముందే చెప్తున్నా. తప్పు ఆ పిల్లది కాదు."

బావగారు కుర్చీలో కదిలాడు. "అమ్మాయ్, కాగితంలో..."

"కాగితం గ్లాసు కిందుంది బావగారూ, ఎక్కడికీ ఎగిరిపోదు." సంచిలోంచి రగ్గు తీసి గులాబీ దుప్పటి పక్కన పరిచింది. "రంగు దిగింది దీన్నించి. మిషనులో వేసింది నా మొగుడు."

హాలులో తలలన్నీ తిరిగాయి. ఏం చెయ్యాలో తోచక ఇంటాయన సన్మానానికి పిలిచినట్టు సగం లేచి, నమస్కారం పెట్టి, కూలబడ్డాడు. వెనక ఎవరో ఈల వేశారు.

"మా లాండ్రీల్లో ఒక మాటుంది. మరక పోకపోతే మనిషి పోవాలని. నేనూ అదే నమ్మా. పోయిన మనిషి వేరు, మరక వేసిన మనిషి వేరు అని ఇవాళ పొద్దున తెలిసింది. ఆ రోజే పిట్టని 'ఏమైందే?' అని అడిగుంటే, 'టీకి వెళ్ళొచ్చేసరికి మిషను దగ్గర మీ ఆయనున్నాడు' అని చెప్పేది. అవునా కాదా?"

"చెప్పేదాన్నే," అంది పిట్ట గోడ దగ్గర్నించి. "అడిగితేగా!"

"ఇది మీ ఇంటి గొడవమ్మా," అన్నాడు బావగారు, నవ్వు తెచ్చుకుని. "మొగుడూ పెళ్ళాల సంగతి కమిటీకెందుకు?"

"రగ్గు మా ఇంటిది కాదు బావగారూ." అక్క మూలనున్న గుర్తు పైకి తిప్పి పట్టుకుంది. పళ్ళచక్రం, రెండు చేతులు. వేదిక వెనక గోడ మీద కట్టిన గుడ్డ మీద కూడా అదే గుర్తు, కాకపోతే బాగా పెద్దది. "మన సంఘం పండగకి సభ్యులందరికీ మీరు పంచిపెట్టింది. ఎక్కడ కొన్నారో గానీ, ఒక్క తడుపుకే ప్రాణం వదిలింది."

బేకరీ యజమాని చిన్న గొంతు పెద్దగా వినిపించింది. "ఓరినీ! నా బనీన్లన్నీ గులాబీ అయింది దీనివల్లా! మా ఆవిడ నన్ను అనుమానించిందయ్యా!"

ఇక నవ్వు ఆగలేదు. బస్సుల యజమాని బల్ల చరిచి నవ్వాడు. మేడమ్ కూడా పెన్సిలు పెదవులకి అడ్డం పెట్టుకుంది. పిట్ట మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. రెండో పేజీ చివర రావాల్సిన ఏడుపు గోడ దగ్గర వచ్చింది.

నవ్వు సద్దుమణిగాక మేడమ్ అడిగింది. "అయితే మీరు ఈ చట్టానికి అనుకూలమన్నమాట."

"తొందరపడకండి మేడమ్. మనిషి మాట వినాలన్నారు, వింటా. వినకపోతే ఏమవుతుందో మీ ముందే పరిచా. జ్వరమొచ్చినవాళ్ళకి జీతమివ్వాలన్నారు, ఇస్తా. కానీ ఆ రోజు వాళ్ళ చోట నిలబడే మనిషికీ ఇవ్వాలిగా? ఆ రెండో జీతం మా బోటి చిన్నవాళ్ళకి ఎక్కణ్ణించి వస్తుందో మీ చట్టంలో నాలుగుసార్లు వెతికా, కనపళ్ళేదు. అది కూడా రాసి తీసుకురండి. పోతే పనివేళలు వారం ముందు చెప్పాలన్నారు. ఇక్కడే నాకు మంట."

"చెప్పలేరా?"

"నాకెవరు చెప్తారు? గేటు బయట పొద్దున్నే బండి చప్పుడు వినపడితే పనుంది, వినపడకపోతే లేదు. నేను చెవులు రిక్కించి కూచుంటా, నా వెనక నా పనివాళ్ళందరూ కూచుంటారు. నేను వాళ్ళకి మాటివ్వాలంటే, ముందు నాకు మాటిచ్చేవాళ్ళుండాలి. పనివాళ్ళకి చట్టం రాస్తున్నారు, మంచిదే. బండి పంపే చేతికి కూడా ఒక ముక్క రాయండి."

మేడమ్ పెన్సిలు ఆగింది. "ఆ బండి ఎవరిది?"

బేకరీ యజమాని తన బూట్ల వంక చూసుకున్నాడు. ఇంటాయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. సంఘం అధ్యక్షుడిగా బావగారు ఇప్పించే పనుల మీద బతికేవాళ్ళు ఆ హాల్లో సగంమంది ఉన్నారని అక్కకి అప్పుడే అర్థమైంది.

"మా బావగారిది," అంది.

బావగారు లేచాడు. నవ్వుతూనే మరదలి దగ్గరికి వచ్చాడు, పెద్దమనిషి పిల్లని సముదాయించడానికి వచ్చినట్టు. చెవి దగ్గరికి వంగి మెల్లిగా మాట్లాడాడు. ఆయన వస్తున్నది అక్క చూసింది. మైకు దించాల్సింది. దించలేదు. ఇంకొంచెం పైకి పట్టింది.

"రేపట్నించి నా బండి నీ గేటు తొక్కదు. ఎలా బతుకుతావో చూస్తా."

ఆ గుసగుస హాలు నాలుగు మూలలా మోగింది. ఆయన గొంతు ఆయనకే పైకప్పులోంచి తిరిగొచ్చింది. మేడమ్ తలెత్తింది. బావగారి మొహం మెల్లిగా ఆ రగ్గు కొత్తలో ఉన్న రంగుకి తిరిగింది.

అక్క మైకు దించకుండానే మేడమ్ వైపు తిరిగింది. "విన్నారుగా మేడమ్. మనిషిని తియ్యాలంటే కారణం చెప్పాలన్నారు. ఇదీ కారణం. రాసుకోండి."

"నా బండి!" ఇక దాపరికం ఎందుకనుకున్నాడేమో, బావగారు అరిచేశాడు. "నా ఇష్టం! ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో నాకొకళ్ళు చెప్పాలా?"

హాలు చివర, తలుపు దగ్గర, నీళ్ళ సీసాల పెట్టె కింద పెట్టిన చప్పుడైంది. సైలెన్సర్ నడుం నిటారుగా చేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తోలేది నేనండీ," అన్నాడు. "ఆ ముక్క ముందు నన్నడగాలి."